మే నెలలో ఎండిన మొక్క అసలు ఎప్పుడు చచ్చింది?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. అచ్చంపేట దగ్గర మీకు రెండున్నర ఎకరాల రాళ్ల చెలక ఉంది. అడవి చెట్లు పెంచాలని నిరుడు ఆగస్టు చివర్లో 500 మొక్కలు పెట్టించారు. టేకు, వేప, నేరేడు, కానుగ, ఎర్రచందనం. ఫిబ్రవరి నుంచి వారానికోసారి ట్యాంకర్ తెప్పించి మొక్కకు ఒక చెంబు చొప్పున నీళ్లు పోయించారు. అయినా ఈ మే నెలలో లెక్కపెడితే 140 మిగిలాయి. ఈసారి ఆరడుగుల పెద్ద మొక్కలు, ఒక్కోటి 150 రూపాయలవి తెచ్చి పెడితే బతుకుతాయా అని మీ ప్రశ్న.

వద్దండీ. 500 మొక్కలకు 75 వేలు పోస్తారు, వచ్చే మే నెలలో మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు. అడుగున్నర ఎత్తు, మొదలు పెన్సిల్ మందం, తిన్నని వేరు ఉన్న మొక్కలు తెచ్చి, జులై మొదటి పదిహేను రోజుల్లోపు నేలలో పెట్టండి. మిగతా డబ్బు గుంతలకు, పాదులకు, కంచెకు ఉంచుకోండి.

అటవీ నర్సరీల్లో, ప్లాంటేషన్లలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. లక్షల మొక్కలు పెట్టించాను, చంపినవీ తక్కువేం కాదు. మీ మొక్కల్ని ఎండాకాలం చంపిందని మీరు అనుకుంటున్నారు. నేను చూసినంతలో మే నెలలో ఎండి కనిపించే మొక్కల్లో చాలావాటి కథ వానాకాలంలోనే ముగిసిపోయి ఉంటుంది. ఇంకా చెప్పాలంటే నర్సరీ నుంచి గుంతలోకి వచ్చే దారిలోనే. బయటికి కనబడడానికి ఆర్నెల్లు పడుతుంది, అంతే.

ముందు ఏవి నిజంగా చచ్చాయో చూడండి

140 అని మీరు లెక్కపెట్టింది మే నెలలో. ఆ రోజుల్లో టేకు ఆకంతా రాల్చేసి పుల్లలా నిలబడుతుంది. ఎర్రచందనమూ ఆకు రాల్చే చెట్టే. పైగా చిన్న టేకు మొక్క బెట్ట తగిలితే కొన నుంచి కిందికి ఎండుకుంటూ వచ్చి, మొదలు దగ్గర ప్రాణం దాచుకుని, తొలకరికి మళ్లీ చిగురు వేస్తుంది. ఏగిస అనే అడవి చెట్టు మొక్కయితే మొదటి రెండు మూడేళ్లు ఎండాకాలం వచ్చినప్పుడల్లా ఇదే తంతు. పైన చచ్చి పుడుతుంటుంది, కింద వేరు మాత్రం బలుస్తూనే ఉంటుంది.

కాబట్టి నేలకు అంగుళం పైన బెరడును గోరుతో సన్నగా గీకండి. లోపల పచ్చగా, తడిగా కనిపిస్తే మొక్క బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే పోయినట్టు. టేకు ఎన్ని పెట్టారో మీరు చెప్పలేదు కానీ, వందైనా ఉంటే అందులో కొన్నింటినైనా చచ్చిన లెక్కలో రాసేసి ఉంటారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ అదే పని చేశాను. జూన్ మొదట్లో ఎండిన పుల్లలన్నీ పీకించి కొత్త మొక్కలు పెట్టిస్తుంటే, పీకిన కుప్పలో ఒక దాని మొదలు దగ్గర బియ్యపు గింజంత తెల్లటి మొలక కనిపించింది. కుప్ప తిరగేసి చూస్తే అలాంటివి చాలా ఉన్నాయి. రెండు వానలు ఆగి ఉంటే వాటంతట అవే లేచేవి.

చచ్చినవాటిని పీకి వేరు చూడండి

నిజంగా పోయినవి తేలాక ఓ ఇరవై మొక్కల్ని పలుగుతో తవ్వి తీయండి. లాగేయొద్దు, వేరు తెగితే విషయం తెలియదు. మట్టి దులిపి వరుసగా పరిచి చూడండి. ఏ పుస్తకం చెప్పనిది ఆ ఇరవై వేర్లు చెప్తాయి.

తవ్వే పని లేకుండానే ముల్లంగిలా బయటికి వచ్చేసి, మట్టి ఇంకా కవరు ఆకారంలోనే ఉందనుకోండి. ఇన్ని నెలలు గడిచినా ఆ వేరు కవరు కొలత దాటలేదన్నమాట. దీనికి మూడు కారణాలు ఉండొచ్చు. ఆలస్యంగా పెట్టడం ఒకటి. వేరు కవర్లోనే చుట్టలు చుట్టుకుపోవడం ఇంకొకటి. మూడోది చెప్తే మీరు నవ్వుతారు, కవరు తీయకుండానే పాతేయడం.

నవ్వకండి, నా ప్లాంటేషన్‌లోనే జరిగింది. ఒక గుట్ట మీద సెప్టెంబర్ దాకా పచ్చగా ఉన్న మొక్కలు డిసెంబర్‌కు వడలిపోయాయి. ఒకదాన్ని పట్టి లాగితే నల్ల కవరుతో సహా వచ్చింది. పక్కదీ అంతే. ఆ వరుసలో 40 మొక్కలుంటే నలభైకీ కవరు ఉంది. సాయంత్రం మబ్బు కమ్ముకొస్తుంటే తొందరలో అలాగే పూడ్చేసి వెళ్లారు. కూలీలది తప్పు అనను. మొక్కకింత అని రేటు పెట్టింది నేనే, ఎన్ని పాతితే అన్ని డబ్బులు. ఆ ఏడాది నుంచి రోజు కూలికి మార్చాను. ఖాళీ కవర్లు యాభై చొప్పున కట్టలు కట్టి సాయంత్రం నా ముందు పెట్టాలని చెప్పాను. మొక్కల లెక్క, కవర్ల లెక్క సరిపోతేనే ఆ రోజు పని అయినట్టు. మీరూ అలాగే చేయండి. చేలో ప్లాస్టిక్ మిగలదు, అది అదనపు లాభం.

కొన్ని వేర్లు కింద కొక్కెంలా పైకి వంగి ఉంటాయి. గుంత చాలక వేరును మడిచి కుక్కారని అర్థం, లేదా నర్సరీలో విత్తనం మొలకను కవర్లోకి మార్చేటప్పుడే వంకర పెట్టారని. ఇలాంటి మొక్క ఏడాది బతుకుతుంది, రెండేళ్లూ బతుకుతుంది. లోతు తడి దాకా మాత్రం ఎప్పటికీ దిగదు.

మొదలు చుట్టూ బెరడు పోయి, పైన సన్నటి మట్టి పొర అంటుకుని ఉంటే చెదలు. ఎర్ర చెలకల్లో ఇది మామూలే. అయితే బలంగా ఉన్న మొక్క జోలికి చెద అంత తొందరగా రాదు, వాడిన మొక్కను పట్టుకుంటుంది. చెద తిన్నది నిజమే, దానికంటే ముందు ఏం జరిగిందో కూడా అడగాలి. పైభాగం తుంచినట్టు ఉంటే మేక. నేలకు సమంగా నల్లగా మాడి ఉంటే నిప్పు.

ఇవేవీ కాకుండా వేరు కవరు దాటి అడుగు లోతుకు దిగి, పక్కలకూ పాకి, అయినా ఎండిపోయి ఉంటే అది నిజంగా నీళ్ల కొరతే. ఇరవైలో అలాంటివి ఎన్ని వస్తాయో లెక్కపెట్టండి. అయిదు కూడా రావనే నా అంచనా.

పెద్ద మొక్క ఎందుకు వద్దంటున్నాను

ఆరడుగుల మొక్క రెండు మూడేళ్లు కవర్లో పెరిగి ఉంటుంది. తల్లివేరు కవరు అడుగు తాకి, దారి లేక గుండ్రంగా తిరిగి తిరిగి, బుట్ట అల్లినట్టు అయిపోతుంది. పైన ఆకులు బోలెడు, కింద వేరు ఒక బకెట్ మట్టిలో. సంపాదించేవాడు ఒక్కడు, తినేవాళ్లు పదిమంది. అక్టోబర్‌లో నేలలో పదును, అంటే తడి, తగ్గగానే ఆ ఇల్లు కూలిపోతుంది. ఒకవేళ బతికినా చుట్టుకున్న వేరు విప్పుకోదు. ఏడెనిమిదేళ్లకు చెట్టు బరువెక్కాక గట్టి గాలికి మొదలుతో సహా ఒరిగిపోయినవి నేను చూశాను.

పెద్ద మొక్కలు పనికిరావని అనడం లేదు. రోడ్డు పక్కన, కాలనీల్లో, రెండేళ్లు నీళ్లు పోసే మనిషి, చుట్టూ జాలీ ఉన్నచోట అవే సరైనవి. అక్కడ చిన్న మొక్క పెడితే జనం కాళ్ల కింద పడి పోతుంది. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని పెట్టారు. ఊళ్లో ట్యాంకర్ ఉంటే రోడ్డు పక్కన అది అందుకోవచ్చు. నీళ్లు లేని మీ రాళ్ల చెలకలో మొదటి ఎండాకాలం దాటాక నూటికి 70 నిలబడితే నేను మీకు దండ వేస్తాను.

నర్సరీలో ఏం చూడాలి

2015లో హరితహారం మొదలయ్యాక ఊరూరా నర్సరీలు వచ్చాయి కాబట్టి మొక్క దొరకడం కష్టం కాదు. మంచి మొక్కను ఏరుకోవడమే కష్టం. చాలామంది ఎత్తు చూసి, ఆకు నిగనిగ చూసి తీసుకుంటారు. నీడలో ఒకదాన్నొకటి ఒరుసుకుని పెరిగిన మొక్క ఎత్తుగా, నాజూకుగా, లేత పచ్చగా కళ్లకు ఇంపుగా ఉంటుంది. దాన్ని తెచ్చి మీ చెలకలో నిలబెడితే ఏసీ గదిలో పెరిగిన పిల్లవాణ్ని మిట్టమధ్యాహ్నం మిర్చి కల్లంలో వదిలినట్టే.

మీరు చూడాల్సింది మొదలు మందం. ఎత్తును సెంటీమీటర్లలో, మొదలు మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, ఎత్తును మందంతో భాగిస్తే 6 అటూఇటూగా రావాలి. అంటే 45 సెంటీమీటర్ల మొక్కకు ఏడెనిమిది మిల్లీమీటర్లు, సుమారు మనం రాసే పెన్సిల్ అంత. స్కేలు పట్టుకుని తిరగక్కర్లేదు, జేబులో ఒక పెన్సిల్ వేసుకుని వెళ్లి పక్కన పెట్టి చూసుకోండి. కాండం కింద గోధుమరంగుకు తిరిగి ముదిరి ఉండాలి.

తర్వాత నర్సరీ ఆయన్ని రెండు ప్రశ్నలు అడగండి. కవర్లను ఎన్నిసార్లు షిఫ్టింగ్ చేశారు? నీడ ఎప్పుడు తీసేశారు? షిఫ్టింగ్ అంటే కవర్లను నెలకో, నెలన్నరకో ఒకసారి ఎత్తి పక్కకు జరపడం. జరపకపోతే వేరు కవరు రంధ్రంలోంచి కింద నేలలోకి దిగిపోతుంది. మీకు మొక్క ఇచ్చే రోజు ఎత్తితే ఆ వేరు టప్పున తెగుతుంది, అసలు ప్రాణం అక్కడే ఉండిపోతుంది, మీ చేతికి పై డొల్ల వస్తుంది. ఇక నాటడానికి నెల ముందు నుంచే నీడ తీసి, నీళ్లు తగ్గించి, మొక్కను ఎండకు అలవాటు చేయాలి. ఈ రెండూ చేయని నర్సరీలో ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

ఇంకో మాట, కొందరు మొహమాటపడతారు. ఒక మొక్క డబ్బులిచ్చి కొని అక్కడే కవరు చీల్చి చూడండి. తెల్లటి పీచు వేర్లు మట్టిని పట్టుకుని ఉండి, తల్లివేరు తిన్నగా దిగి ఉంటే మంచి మొక్క. కింద చుట్టలు కనిపిస్తే ఆ బ్యాచ్ మొత్తం వదిలేయండి. పది రూపాయల మొక్క చంపితే 500 గుంతలు దక్కుతాయి.

మొక్కను మోసే తీరు

మాతో పనిచేసిన ఒక పెద్దావిడ ఉండేది, అందరం అవ్వ అనేవాళ్లం. ట్రాక్టర్ నుంచి మొక్కలు దించుతుంటే ఒక కుర్రాడు నాలుగేసి మొక్కల్ని కాండం పట్టి లేపుతున్నాడు. అవ్వ వాడి చెయ్యి పట్టుకుని ఆపి, "గట్ల మెడ వట్టి లేపుతవేంది బిడ్డా, కోడా అది? కింద చెయ్యి వెట్టి ఎత్తుకో, పసిపిల్లను ఎత్తుకున్నట్టు" అంది. నేను ట్రైనింగుల్లో విన్న పాఠాలన్నిట్లో ఇదే గుర్తుండిపోయింది. కాండం పట్టి ఎత్తితే కవర్లోని మట్టి బరువంతా పీచు వేర్ల మీద వేలాడుతుంది. బయటికి ఏమీ తెలియదు, లోపల వేర్లు పుటుక్కున తెగిపోతాయి. మట్టి ముద్ద పగిలిన మొక్క సగం చచ్చిన మొక్క.

ముందు రోజు సాయంత్రం నర్సరీలోనే కవర్లను బాగా తడిపించండి. పొద్దున ఎత్తితే మట్టి పదునుగా ఉండి పగలదు. ట్రాక్టర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, నిలబెట్టి ఒత్తుగా సర్దండి. పైన షేడ్ నెట్టో, తడి గోనెపట్టాలో కప్పాల్సిందే. బండి వేగంగా పోతుంటే ఎదురుగాలి రెండు గంటల్లో ఆకుల్లోని తడిని పీల్చేస్తుంది. అదే మొక్కను రోజంతా ఎండలో ఉంచినా అంత నష్టం జరగదు.

చేను చేరాక రెండు మూడు రోజులు చెట్టు నీడలో ఉంచి, రోజూ తడిపి, తర్వాత నాటండి. అలాగని వారాల తరబడి ఉంచొద్దు. ఒక ఏడాది నాలుగు వేల మొక్కలు దించుకుని, ప్రారంభోత్సవానికి పెద్దవాళ్లు వస్తారని రోడ్డు పక్కన పన్నెండు రోజులు కూర్చున్నాం. ఆ పన్నెండు రోజుల్లో మూడు మంచి వానలు పడ్డాయి, మేము గొడుగులు పట్టుకుని వాటిని చూశాం. తారీఖు ఖాయమయ్యాక వానలు ఆగిపోయాయి. ఫొటోలు బాగా వచ్చాయి. మొక్కల సంగతి మీరే ఊహించుకోండి.

ఎప్పుడు పెట్టాలి

మీరు చేసిన అసలు పొరపాటు ఇక్కడుంది. ఆగస్టు చివర అంటే మఖ కార్తె దాటి పుబ్బ వచ్చే వేళ. మన దిక్కు అక్టోబర్ చివరికల్లా పైపొర ఆరిపోవడం మొదలవుతుంది. అంటే మీ మొక్కకు వేరు దించుకోవడానికి దొరికింది రెండు నెలలు. అదే ఆరుద్రలో, అంటే జూన్ 21, 22 తర్వాత పెట్టి ఉంటే నాలుగు నెలలు దొరికేవి. ఎండాకాలం వచ్చేసరికి వేరు తడి ఉన్న లోతుకు చేరిందా లేదా అన్నదే మొక్కకు చావుబతుకుల మాట.

అలాగని మృగశిరకు నాలుగు చినుకులు పడగానే పరుగెత్తొద్దు. జూన్ మొదట్లో ఒక వాన కురిసి, తర్వాత రెండు మూడు వారాలు ముఖం చాటేయడం మీ పాలమూరు వైపు కొత్తేమీ కాదు. రెండు గట్టి వానలు పడ్డాక పలుగు దింపి చూడండి. అడుగు లోతు దాకా పదును తగిలితే మరుసటి రోజే మొదలుపెట్టండి. ఆరుద్ర, పునర్వసు కార్తెలు మంచివి, పుష్యమి రాకముందే ఆపేయాలి. ముసురు పట్టిన రోజు దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. ఎండ కాస్తుంటే మాత్రం సాయంత్రం మూడు దాటాక పెట్టండి.

గుంత, పాతడం

గుంతలు ఏప్రిల్, మే నెలల్లోనే తవ్వించాలి. ఒకటిన్నర అడుగు పొడవు, వెడల్పు, లోతు. పైమట్టి ఒక పక్క, అడుగు మట్టి ఇంకో పక్క పోయించండి. పూడ్చేటప్పుడు పైమట్టి లోపలికి పోవాలి, అందులోనే సారం ఉంటుంది. మాగిన పశువుల ఎరువు రెండు పిడికిళ్లు, వేపపిండి ఒక పిడికెడు కలపండి. పచ్చి పేడ వేస్తే చెదను మీరే పిలిచినట్టు. తొలి వానలకు ముందే గుంతను ముప్పాతిక వంతు పూడ్చి వదిలేస్తే మట్టి తడిసి కూర్చుంటుంది.

నాటే రోజు కవరు అడుగును బ్లేడుతో అర అంగుళం కోసేయండి. చుట్టుకోవడం మొదలైన వేరు ఉంటే దాంతో పోతుంది. తర్వాత పక్కన నిలువుగా చీల్చి, మట్టి ముద్దను అరచేతిలో పట్టుకుని గుంతలో పెట్టి, అప్పుడు కవరు లాగేయండి. కాండం, వేరు కలిసేచోటు నేలకు సమంగా ఉండాలి. చుట్టూ మట్టి వేసి కాలి మడమతో గట్టిగా తొక్కండి. ముద్ద మీద తొక్కొద్దు, దాని పక్కల తొక్కాలి. చాలామంది మొక్కకు నొప్పి పుడుతుందేమో అన్నట్టు మట్టిని చేత్తో నిమిరి వదిలేస్తారు. లోపల గాలి ఖాళీలు మిగిలితే అక్కడ వేరు ఆరిపోతుంది.

సరిగ్గా పాతారో లేదో చూడడానికి మా పాత పరీక్ష ఒకటుంది. కొన దగ్గర రెండు ఆకుల్ని పట్టి మెల్లగా పైకి లాగండి. ఆకు తెగాలి, మొక్క కదలకూడదు. మొక్క కదిలితే మళ్లీ తొక్కించండి. నేను వరుసకు ఒకటి చొప్పున లాగి చూసేవాణ్ని. నా వెనక కూలీలు "సారు ఆకులు తెంపనీకె వచ్చిండు" అని నవ్వుకునేవాళ్లు, కానీ నేను వస్తున్నానంటే తొక్కుడు గట్టిగా పడేది.

టేకు సంగతి వేరు. దానికి కవరు మొక్క అక్కర్లేదు, స్టంపులు అడగండి. ఏడాది వయసున్న మొక్కను మడి నుంచి పీకి, కాండం అంగుళం, తల్లివేరు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు ఉంచి మిగతాది కోసేస్తారు. బొటనవేలంత మందం ఉన్నది ఏరుకోండి. తడి గోనెలో చుట్టి తెచ్చి, పలుగుతో బెజ్జం చేసి, నిలువుగా దింపి, పక్క నుంచి ఇంకో పోటు పొడిచి బిగించడమే. ఒక మనిషి రోజుకు వందల్లో పెడతాడు, ఖర్చు తక్కువ, వేరు చుట్టుకునే గొడవే ఉండదు.

పెట్టాక

చెంబు నీళ్ల గురించి చెప్పాలి. వారానికో చెంబు అంటే నేల పైన రెండు అంగుళాలు తడుస్తుంది, సాయంత్రానికి ఆవిరైపోతుంది. అంతకన్నా చెడ్డ సంగతి, వేరు ఆ తడి కోసం పైకి పాకుతుంది. ఒక వారం ట్యాంకర్ రాకపోతే అంతే. పోస్తే పదిహేను రోజులకు ఒకసారి 15, 20 లీటర్లు పోయండి, లేదంటే మానేయండి.

మీ నేలకు అంతకన్నా మంచి దారి వాన నీళ్లే. ఒక మిల్లీమీటరు వాన ఒక చదరపు మీటరు మీద పడితే ఒక లీటరు. ప్రతి మొక్కకు కింది వాలు వైపు నెలవంక ఆకారంలో జానెడు ఎత్తు గట్టు వేయండి. పైనుంచి ఆరు చదరపు మీటర్ల నీళ్లు దానికి చేరేలా చూసుకుంటే 20 మిల్లీమీటర్ల వానకు 120 లీటర్లు పడతాయి. అందులో సగమే పారి వచ్చినా 60 లీటర్లు. మీ ట్యాంకర్ ఎండాకాలమంతా మొక్కకు పోసిన దానికంటే అది ఎక్కువే. మట్టి పలుగుకు లొంగకపోతే రాళ్లతోనే కట్టండి, మీ దగ్గర రాళ్లకు కరువు లేదు కదా.

ఆ రాళ్లే ఇంకో పని చేస్తాయి. బల్లపరుపు రాళ్లను మొక్క చుట్టూ నాలుగు వేళ్ల ఎడంతో పరచండి. కింద తడి ఆరదు, కలుపు రాదు, చెదకు తిండి కాదు. ఊక, వరిగడ్డి కప్పితే మీ చెలకలో చెద చేరుతుంది. పడమర వైపు కొంచెం ఎత్తు రాయి నిలబెడితే మధ్యాహ్నపు ఎండ మొదటికి తగలదు. ఇదీ అవ్వ దగ్గర నేర్చుకున్నదే.

కలుపును తేలిగ్గా తీసుకోకండి. సెప్టెంబర్‌లో నడుం ఎత్తు గడ్డి మధ్య పచ్చగా నిలబడ్డ మొక్కను చూసి సంబరపడతాం. ఆ గడ్డి కిందున్న పదునంతా లాగేస్తోంది. ఆగస్టులో ఒకసారి, అక్టోబర్‌లో వానలు వెనక్కి పోయే ముందు ఇంకోసారి, మొక్క చుట్టూ మూడడుగుల పాదు తీసి మట్టిని గుల్ల చేయండి. అక్టోబర్ పాదు మానేయొద్దు. పైన గుల్లబారిన మట్టి మూతలా పనిచేసి కింది తడిని పట్టి ఉంచుతుంది. నన్ను ఒక్క పనికే డబ్బులున్నాయి ఏం చేయమంటారని అడిగితే ట్యాంకర్ మానేసి ఈ పాదు తీయించమంటాను.

మేకలకు సర్కారు తుమ్మ కంప చాలు, కాకపోతే ఏటా మార్చాలి. గట్ల మీద వావిలి, సీతాఫలం పెంచుకుంటే వాటిని మేకలు ముట్టవు. ఊరి కాపరులతో మాట్లాడి, డిసెంబర్‌లో గడ్డి కోసుకుపొమ్మని చెప్పండి. వాళ్లకు మేత దొరుకుతుంది, మీకు ఫిబ్రవరి తర్వాత నిప్పు భయం తగ్గుతుంది. జనవరిలోనే సరిహద్దు చుట్టూ ఆరడుగుల వెడల్పున గడ్డి చెక్కి నేల కనబడేలా ఉంచండి.

ఏ మొక్క ఎక్కడ

అయిదు రకాల్నీ కలిపి వరుసల్లో పెట్టించానన్నారు. నేరేడుకు తడి కావాలి, దాన్ని చేను దిగువన, నీళ్లు చేరే మూలకు మార్చండి. ఎర్రచందనం అందుకు పూర్తిగా వేరు. కడప, చిత్తూరు వైపు శేషాచలం, వెలిగొండల రాళ్ల వాలుల్లో పుట్టి పెరిగే చెట్టు, నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు. మీ చేలో ఎగువన రాయి తేలినచోటే దానికి ఇల్లు. ఆ పక్కనే నారేప, ఏగిస లాంటి అడవి చెట్లు కూడా ప్రయత్నించండి. కానుగ ఎక్కడైనా సర్దుకుంటుంది, మేకలూ పెద్దగా ముట్టవు. రేపెప్పుడైనా శ్రీగంధం ఆలోచన వస్తే, అది పక్క మొక్కల వేర్ల నుంచి తిండి లాక్కునే చెట్టని మర్చిపోకండి. పక్కన కంది మొక్కైనా లేనిదే నిలవదు.

అన్నిటికీ నర్సరీ మొక్క కావాలనీ లేదు. వేప గింజకు మొలిచే శక్తి రెండు మూడు వారాలే ఉంటుంది. జూన్, జులైలో పండు రాలగానే గుజ్జు కడిగి నేరుగా పొదల నీడలో వేసేయండి. చింత, సీతాఫలం, కానుగ గింజల్నీ అలా నేరుగానే వేయొచ్చు. తాటి టెంకలైతే నేరుగా పాతడమే దారి. తేగ ఎంత లోతుకు దిగుతుందో తవ్వి తిన్నవాళ్లకు తెలుసు, దాన్ని కవర్లో పెంచి మార్చడం కుదరదు. ఖమ్మం దగ్గర రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్యకు 2017లో పద్మశ్రీ వచ్చింది. సంచి నిండా గింజలు ఏరుకుని, దారి పొడవునా వేసుకుంటూ పోయిన మనిషి. గింజ నుంచి అక్కడే మొలిచిన మొక్కకు వేరు వంకర ఉండదు, ప్రయాణం ఉండదు, కవరు ఉండదు. నూటికి ఎక్కువ పోతాయి నిజమే, కానీ నిలిచింది గట్టిగా నిలుస్తుంది. గుంతకు రెండు గింజల చొప్పున మీ ఖాళీల్లో వేయండి.

నీళ్లు పీల్చుకుని పట్టి ఉంచే హైడ్రోజెల్ గురించి కూడా అడిగారు. వాడి చూశాను. పదును ఉన్న గుంతలో కొన్ని రోజులు తోడ్పడుతుంది. ఎండిన గుంతలో దానివల్ల ఒరిగేదేమీ లేదు. కొనాలనిపిస్తే యాభై మొక్కలకు వేసి, పక్క యాభైకి వేయకుండా మీరే చూసుకోండి.

లెక్క విషయానికొస్తే, నాలుగు మీటర్ల ఎడం పెడితే ఎకరానికి 250 దాకా పడతాయి. మీరు పెట్టినవి ఎకరానికి 200, అది చాలు. గీకి చూశాక ఎన్ని ఖాళీలు తేలితే అన్నింటికీ, పైన నూటికి పదిహేను కలిపి తెచ్చుకోండి. ఆ పదిహేనును కవర్లలోనే చెట్టు కింద పెట్టి కాపాడండి. ఆగస్టు మొదటి వారంలోపు పోయినవాటి స్థానంలో పెట్టేయండి, ఆ తర్వాత మిగిలినవి ఎవరికైనా ఇచ్చేయండి. ఈ ఏడాది గుంతలు తవ్వించడం ఇప్పటికే ఆలస్యమైంది, రోహిణి ఎండలకు పలుగు దిగదు. మొదటి వాన పడిన మర్నాడే మనుషుల్ని పెట్టుకోండి. ఈలోగా ఆ ఇరవై మొక్కలు తవ్వి, వేర్లు పరిచి ఫొటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.